షాగిర్దు

రాణీగంజ్ గల్లీల లేత్ మిషన్ కింద
ఇనుము పొట్టు ఉంగరాలు ఉంగరాలుగ రాలుతుంటది.
పదకొండేండ్ల కింద
ఖాదర్ ఉస్తాద్ నా చేతికి మొదలిచ్చింది
పనిముట్టు కాదు, చీపురు.
ఆర్నెల్లు ఊడ్చిన.
ఊడ్సుకుంట ఊడ్సుకుంట చప్పుడు నేర్చుకున్న,
టూలు అరిగితే ఎట్ల ఏడుస్తదో
కడ్డీల పగులుంటే ఎట్ల దగ్గుతదో.
పాఠం చెప్పలే ఉస్తాద్ ఎన్నడూ.
నిలవడే జాగ చెప్పిండు, అంతే:
"నా ఎడమ పక్క. నీడ పని మీద పడకుంట."

ఇప్పుడు నాకు ముప్పై ఒకటి.
చిలకలగూడ చర్చి వెనక రేకుల గదిల
శనివారం సాయంత్రాలు
రత్నయ్య ఉపదేశి ముంగట కూచుంటున్న, బాప్తిస్మం కోసం.
గోడకవతల లోకల్ రైలు పోతే
ఆయన మాట సగంల ఆపుతడు,
పోయినంక ఆ సగం కాన్నుంచే అందుకుంటడు.

శిష్యుడంటే ఎవరని అడిగిండు ఒకనాడు.
నమ్మినోడన్నరు. వినెటోడన్నరు.
"ప్రేమించెటోడు" అన్నది సుగుణమ్మ, కండ్లు మూసుకొని.
నాకు చీపురు యాదికొచ్చింది.
చెప్పలే. సిగ్గయింది.

అప్పుడు తీసిండు మొదటి దినాల ముచ్చట.
గుడి లేదంట వాళ్లకు, గంట లేదంట,
ఎవరింట్ల దీపముంటే ఆ ఇల్లే.
వలలు ఒడ్డున పడేసి వెనక నడిచినోళ్లు సచ్చిపోయినంక,
వాళ్ల వెనక నడిచినోళ్లు సుత సచ్చిపోయినంక,
కొత్తగ వచ్చినోన్ని కొన్ని జాగలల్ల
మూడేండ్లు గడప కాడ్నే నిలబెట్టేటోళ్లంట.
రొట్టె విరిచే యాళ్లకు బయటికి పంపేటోళ్లంట.
కత్తి ఆటతోని బతికెటోడైతే
"ముందు ఆ పని ఇడువు" అనేటోళ్లంట.
మూడేండ్లయినంక అడిగేది
"నీకేం తెలుసు" అని కాదు.
అసలు వాన్ని అడగనే అడగరు,
వాన్ని తోలుకొచ్చినోన్ని అడుగుతరు:
మొగడు పోయినామె గడప తొక్కిండా వీడు?
మంచం పట్టినోని పక్కన కూచున్నడా?

"మీరు గూడ ఒక్కొక్కర్ని తోలుకరాండ్రి,
మీ దినాలు ఎరిగినోన్ని."

అందరు అన్నల్ని, మేనమామల్ని తెచ్చిన్రు.
నేను ఖాదర్ ఉస్తాద్‌ని తీసుకపోయిన.
అసర్ నమాజు చేసుకొని, టోపీ మడిచి జేబుల పెట్టుకొని
బెంచీ చివర కూచున్నడు
కొత్తింట్ల చుట్టం లెక్క.

"చెయ్యి సాఫ్ వీనిది" అన్నడు.
"నూలుపోగంత తేడా వచ్చినా దాచడు.
పగిలిన షాఫ్టు గిరాకికి పోయిందని
అర్ధరాత్రి మా తలుపు కొట్టిండు ఒక్కపారి."
నా ఛాతీ కొంచెం పొంగింది.
ఉస్తాద్ గొంతు సవరించుకున్నడు.
"మా దుకాణంల సాయిలని పోరడున్నడు.
దసరా ముంగట ప్రెస్సుల పడి
రెండు వేళ్లు పోయినయి.
నాలుగు నెలలాయె. వీడు చూసి రాలే."

గోడకవతల రైలు పోయింది.
ఈసారి ఆపనీకి
ఎవరి నోట్లె మాట లేకుండె.

రత్నయ్య రిజిస్టర్ల నా పేరు పక్కన ఏదో రాసిండు.
మొఖంల కోపం లేదు.
"వచ్చే యేడు" అన్నడు.

బయట చెప్పులు తొడుక్కుంట ఉస్తాద్
"అబద్ధం చెప్పాల్నారా?" అన్నడు.
వద్దన్న.
బస్టాపు దాక ఆయన ఎడమ పక్కనే నడిచిన.

బోయిగూడల కట్టెల డిపోల వెనక
ఇల్లు అడుక్కుంట పోయిన.
పండ్లు కొనుడు సుత తోచలే.
ఎందుకు రాలేదో చెప్పాలంటే:
ఆనాడు ప్రెస్సుకు గార్డు బిగియ్యమని
ఉస్తాద్ చెప్పింది నాతోనే.
మర్చిపోయిన.
ఆ ముక్క ఉస్తాద్ చెప్పలే సాక్ష్యంల.

వాళ్లమ్మ తలుపు సగం తెరిచి
"ఎవరు బిడ్డా?" అన్నది.
"దుకాణంల షాగిర్దును."
కారీగర్నయి ఆరేండ్లాయె.
అయినా ఆ మాటే వచ్చింది.

లోపల సాయిలు
ఎడమ చేత్తోని అన్నం కలుపుతున్నడు,
మెతుకులు ఒడిల పడుతున్నయి.
నన్ను చూసి జరిగిండు కొంచెం.

ఎటు పక్క కూచోవాల్నో
చెప్పెటోడు లేక
కొద్దిసేపు గడప మీదనే నిలవడ్డ.